అధ్యక్షుడి తడి పాదం

పొద్దున్నే అధ్యక్షుడు బుకారీ మంచం దిగి నడిచినంత మేరా భార్య జెనెబా గుడ్డ పట్టుకుని వెనకాలే తుడుచుకుంటూ పోతుంది. ఆ భవనంలో నౌకర్లకు కొదవలేదు గానీ ఈ పని మాత్రం ఆమె ఎవరికీ వదల్లేదు. చేపలు పట్టే తల్లి నడి ఏట్లో, పడవలోనే అతన్ని కన్నది. నడక నేర్చిన నాటి నుంచీ అతను అడుగేసిన చోటల్లా చారెడు ఏటి నీళ్ళు ఊరతాయి. ఊళ్ళో దాన్నెవరూ వింతగా చూడలేదు. ఇల్లంతా బురద చేస్తున్నాడని తల్లి తిట్టేది, అంతే.

సిపాయిగా ఎడారి యుద్ధానికి వెళ్ళినప్పుడు ఆ పాదమే దళం మొత్తాన్ని బతికించింది. అతని వెనకే వంగి తాగుతూ నడిచారు.

"చేపల కంపు కొడుతోందిరా నీ కాలు," అనేవాడు తోటి సిపాయి ఓగోబారా, ముక్కు మూసుకుని మరీ తాగుతూ.

"ఉల్లిపాయలు నమిలే నోటికి ఇదే ఎక్కువ," అనేవాడు బుకారీ.

ఓగోబారాది ఉల్లి పండించే కొండజాతి, బుకారీది ఏటిజాతి. ఆ రెండింటికీ తాతలనాటి వేళాకోళపు చుట్టరికం. ఎంత తిట్టుకున్నా కోపం రాకూడదు. ఒకరి నెత్తురు ఒకరు చిందించకూడదు.

కరువొచ్చిన ఏడు ఆ పాదాన్ని చూసే జనం అతన్ని గద్దె ఎక్కించారు. తుపాకీ కూడా కాస్త సాయం పట్టిందనుకోండి. ఎక్కాక భయం పట్టుకుంది. ఎవరు నవ్వినా తన మీదేననిపించేది. చివరికి, కుట్ర చేశాడని ఓగోబారాకే మరణశిక్ష వేశాడు.

"అతని నెత్తురు మన ఇంటికి అంటకూడదు, తెలుసుగా," అంది జెనెబా గుడ్డ పిండుతూ.

"దేశానికి చుట్టరికాలుండవు," అన్నాడు.

బ్యారక్‌ల వెనక ఇసకలో గుంజకు కట్టేసి ఉన్న ఓగోబారా, బుకారీ రావడం చూసి పకపకా నవ్వాడు. ఇదంతా వేళాకోళమే అనుకున్నాడు పాపం.

"వచ్చావట్రా చేపల కంపూ. ఇక చాల్లే, కట్లు విప్పించు. దాహంగా ఉంది, నీ దిక్కుమాలిన కాలు ఇటు పెట్టు."

వేళాకోళపు చుట్టం అడిగింది కాదనకూడదు. బుకారీ బూటు విప్పి ఇసకలో అడుగేశాడు. ఇద్దరూ కిందికి చూశారు. తుపాకులు పట్టుకున్న సిపాయిలూ చూశారు. వాళ్ళలో ఒకప్పుడు ఆ నీళ్ళు తాగనివాడు లేడు. అడుగు పొడిగా ఉంది.

ఓగోబారా నవ్వు ఆగిపోయింది. చాలాసేపు ఆ అడుగునే చూశాడు.

"కానివ్వండి, అధ్యక్షుల వారూ," అన్నాడు.

అతని నోట ఆ మర్యాద బుకారీ ఎన్నడూ వినలేదు. ఆపమంటే ఆగేదే. అనలేకపోయాడు. తుపాకులు పేలాయి.

ఇంటికొచ్చి లోపలికి నడిచాడు. గుడ్డతో ఎదురొచ్చిన జెనెబా గచ్చు వంక చూసింది. గుడ్డను దండెం మీద ఆరేసి, పిల్లలకు చెప్పులు తొడగడం మొదలుపెట్టింది.

సాయంత్రం బ్యారక్‌ల నుంచి సిపాయిల లారీలొచ్చాయి. కాపలావాడు ఎవరని అడక్కుండానే గేటు తీశాడు. లోపల బుకారీ ఒక్కడే కుర్చీలో కూర్చుని, గచ్చు మీద పాదం అదిమి అదిమి చూసుకుంటున్నాడు. గొంతు ఎండిపోతోంది. ఇన్ని నీళ్ళిమ్మని పిలిచాడు గానీ ఇంట్లో ఎవరూ లేరు.