కాఫీ గ్లాసు కింద ఇంజను బిళ్ళ

నేను ఒక ఇనుప బిళ్ళను. నడుమ పెద్ద చిల్లు, అంచు చుట్టూ సాసరులా కాస్త వంపు. కారు ఇంజను ముందు భాగంలో, మూత వెనకాల నా కాపురం. ఇంజనుతో పాటు గిర్రున తిరుగుతూ, సందు దొరికితే బయటికి పారిపోదామని చూసే నూనెను లోపలికి విసిరికొట్టడం నా పని. మెకానిక్కులు నన్ను ఆయిల్ త్రోయర్ అంటారు. ఏదో ఫ్యాక్టరీలో ప్రెస్సు కింద ఒక్క దెబ్బకు పుట్టాను. ఆ దెబ్బ తప్ప బాల్యం గురించి నాకేమీ గుర్తులేదు. పుట్టీ పుట్టగానే ఒక నల్లకారులో పెట్టి మూత బిగించేశారు.

ఆ కారు తండ్రిగారి తర్వాత రాజమండ్రిలో పేర్రాజు మాస్టారికి వచ్చింది. ఆయన హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. షెడ్డులో మూలబడ్డ కారు ఇంజనును తానే విప్పి బాగుచేస్తానని పట్టుబట్టారు. తోడుగా బావగారు కామేశం వచ్చారు. మాస్టారి భార్య హైమావతమ్మకు ఆయన సొంత అన్న. హోమియో డాక్టరు కావడం వల్ల ఇంజనుకు నూనె పోయమన్నా చుక్కలు లెక్కపెట్టి పోసేవారు.

ఇద్దరూ ఉత్సాహంగా ఇంజనును ముక్కలు ముక్కలు చేశారు. మా అందరికీ కిరసనాయిలు స్నానం చేయించి, పాత పేపర్ల మీద వరసగా పరిచారు. మళ్ళీ బిగించడం మొదలుపెట్టిన రోజున హైమావతమ్మ కాఫీ తెచ్చారు. గ్లాసు పెట్టడానికి ఎక్కడా చోటు లేక, సాసరులా కనిపించిన నా మీద పెట్టారు. మాస్టారు ఇంజను మీద నుంచి కళ్ళు తిప్పకుండానే తాగి, గ్లాసు మళ్ళీ నా మీదే ఉంచారు. కాసేపటికి ఆవిడ వచ్చి గ్లాసుతో పాటు నన్నూ పట్టుకుపోయారు. అరిచి చెబుదామంటే నాకు నోరేదీ?

వంటింట్లో నా దశ తిరిగింది. చింతపండు పెట్టి తోమేసరికి తళతళలాడాను. "ఎక్కడిదో గానీ, గ్లాసు ఎంత కుదురుగా కూచుంటోందో!" అని ఆవిడ మురిసిపోయారు. ఇంజనులో ఉన్నన్నాళ్ళూ నన్నెవరూ ఇలా మెచ్చుకున్న పాపాన పోలేదు. నిజం చెప్పాలంటే, వెనక్కి వెళ్ళాలని నాకూ అంత తొందరగా లేదు.

షెడ్డులో నేను లేకుండానే మూత బిగిసింది. ఇంజను దగ్గి, తుమ్మి, చివరికి గొంతు సవరించుకుంది. బావలిద్దరూ కౌగిలించుకున్నారు. మర్నాడు చూస్తే కారు ముందు భాగం కింద నల్లటి మడుగు! ఎంత నూనె పోసినా అంతా నేలపాలే. వరండాలో పంచాయితీ మొదలైంది.

"బోల్టులు నువ్వు సరిగ్గా బిగించలేదు బావా! చుక్కల మందు కాదిది, బలం పెట్టాలి."

"నా బలం సంగతి సరే, మూత కింద పెట్టే గాస్కెట్టు కత్తిరించిందెవరు? లెక్కల మాస్టారివయ్యుండీ కొలత తప్పావు!"

మధ్యలో హైమావతమ్మ కాఫీలు పెట్టి వెళ్ళారు. మాస్టారు ఊపులో గ్లాసు ఎత్తారు. కింద నేను. చూడగానే నన్ను గుర్తుపట్టారు. మూత మూసేముందు "అన్నీ వేశావా బావా?" అని కామేశం అడిగితే, "ఆఁ, వేశాను" అన్నది తానే. గబుక్కున గ్లాసు నా మీద దించేశారు. అంతలోనే కామేశం లేచి, "ఇన్ని మాటలు పడ్డాక ఈ గడప తొక్కను!" అని కాఫీ ముట్టకుండా వెళ్ళిపోయారు.

"మా అన్నయ్య కాఫీ తాక్కుండా వెళ్ళిపోయాడండీ!" అని హైమావతమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. "ఇనప సామాను కోసం మనుషుల్ని పోగొట్టుకుంటారా?"

మాస్టారికి ఆ పూట అన్నం సహించలేదు. తెల్లారగానే నన్ను లుంగీ మడతలో దాచుకుని షెడ్డుకు చేరారు. రేడియేటరు విప్పారు. కానీ దాని వెనకాల చక్రానికున్న పెద్ద బోల్టు తిప్పబోతే ఇంజనంతా దానితో పాటే తిరుగుతోంది. కారు గేరులో ఉంచి, ఎవరో ఒకరు లోపల కూచుని బ్రేకు తొక్కి పట్టుకోవాలి. బావను పిలిచే మొహం లేదు.

"హైమా, ఒక్కసారొచ్చి బ్రేకు తొక్కి కూచుంటావా?"

ఆవిడ వచ్చి ఆయన చేతిలో నన్ను చూసి, "అయ్యో, నా సాసరు!" అన్నారు.

"సాసరు కాదే, ఇంజనులోది. వెయ్యడం మర్చిపోయాను. మీ అన్నయ్యతో అనకు, నా పరువు పోతుంది."

నేను వంటింటికి ఎలా చేరానో ఆవిడకు అప్పుడు తట్టింది. మొహంలో రంగు మారింది. అంతలోనే సర్దుకుని, "చెప్పన్లెండి. కానీ కారు బాగయ్యాక నేను నడుపుతాను. లైసెన్సు ఉండి ఏం లాభం, ఏనాడైనా స్టీరింగు ముట్టనిచ్చారా?" అన్నారు. మాస్టారు వెంటనే ఒప్పుకున్నారు.

బోల్టు కీచుమంటూ వదిలింది. చక్రం, దాని వెనకాల మూత ఊడివచ్చాయి. సరిగ్గా అప్పుడే గేటు తీసుకుని కామేశం వచ్చారు.

"బావా, నీకొకటి చెప్పాలి. నిన్న నీ గ్లాసు కింద..." అంటూ మాస్టారి చేతిలో నన్ను చూసి ఆగిపోయారు.

"నువ్వూ చూశావా?"

"ఒక్కొక్కటీ నీకు అందించింది నేనే కదా! ఇది అందించడం మర్చిపోయాననుకుని, మొహం చెల్లక కోపం నటించి పారిపోయాను."

"వేశానని నీతో అబద్ధమాడింది నేను బావా. తప్పు నాది!"

"కాదు, నాది!"

ఎవరూ తగ్గకపోవడంతో గొంతులు మళ్ళీ లేచాయి. డ్రైవరు సీట్లోంచి హైమావతమ్మ, "పోన్లెండి, ఇద్దరిదీ అనుకోండి. మనుషులన్నాక మర్చిపోరూ?" అని పెద్దమనసుతో క్షమించేశారు. ఆ తర్వాత నా వైపు ఒక చూపు చూశారు. నేను కిక్కురుమనలేదు.

బావలిద్దరూ నాలుగు చేతులతో నన్ను నా చోట కూర్చోబెట్టి, ఒకరికొకరు కాపలా కాస్తున్నంత జాగ్రత్తగా మూత బిగించారు. ఇంజను స్టార్టు చేసి, ఇద్దరూ నేల మీద బోర్లా పడుకుని కింద పరిచిన పేపరు వంక చూశారు. ఒక్క చుక్క పడలేదు.

సాయంత్రం హైమావతమ్మ ధవళేశ్వరం దాకా కారు తీశారు. బావలిద్దరూ వెనక సీట్లో కూచున్నారు. సందు మలుపు తిరగ్గానే కారు ఎగిరి పడింది.

"గేరు! గేరు మార్చు!"

"క్లచ్చి తొక్కమ్మా!"

ఆవిడ కారు పక్కకు ఆపి, నెమ్మదిగా వెనక్కి తిరిగారు.

"సామాన్లు మర్చిపోయేవాళ్ళు సలహాలు చెప్పకూడదు."

బావలిద్దరూ చెరో కిటికీ వైపు తిరిగి కూచున్నారు. మూత వెనకాల నాకు మాత్రం నవ్వాగలేదు. నూనె నాలుగు చుక్కలు ఎక్కువే విసిరాను.