మామగారు పోసిన ఆయిల్

పరంధామయ్య విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై రెండేళ్లు లారీ ఇంజన్లు విప్పి బిగించినవాడు. అమెరికాలోని అరోరాలో కూతురు స్పందన ఇంటికి వచ్చి ఏడాది దాటింది. ఇక్కడ ఆయన్ను ఎవరూ ఏ పనీ ముట్టుకోనివ్వరు. గిన్నె కడగబోతే "వద్దు నాన్నా, డిష్‌వాషర్ ఉంది". పార పట్టుకుని మంచు తీయబోతే "వద్దు నాన్నా, మనిషి వస్తాడు". తిని కూర్చోవడమే ఉద్యోగమైతే మనిషికి పిచ్చెక్కదూ?

అందుకే అల్లుడు అనీష్ తన పాత జర్మన్ డీజిల్ కారు తాళాలు చేతిలో పెట్టి, "ఈసారి ఆయిల్ మీరే మార్చండి మామయ్యా" అన్నప్పుడు ఆయనకు ప్రాణం లేచొచ్చింది. అది అల్లుడు మొదటి ఉద్యోగంలో చేరగానే సెకండ్ హ్యాండ్‌లో కొన్న బండి. ఇరవై ఏళ్లదైంది, అమ్మేద్దామంటే పెళ్లాంతోనైనా పోట్లాటకు దిగుతాడు. అలాంటి బండిని తన చేతికిచ్చాడంటే, ఇక ఈ ఇంట్లో తానూ ఒక మనిషే!

బుధవారం స్పందన స్పేర్ పార్టుల షాపుకు తీసుకెళ్లింది. ర్యాకుల నిండా రంగురంగుల డబ్బాలు.

"నాన్నా, ఒకసారి మాన్యువల్ చెక్ చేద్దామా? ఒక్కో కారుకి ఏదో ఆయిల్ నంబర్ ఉంటుందంట."

"తాతకు దగ్గులు నేర్పుతున్నావా తల్లీ? డీజిలంటే డీజిలే. లారీకైనా కారుకైనా ఫిఫ్టీన్ ఫార్టీ ఆయిల్ పోశామంటే తిరుగులేదు" అంటూ ట్రక్కు బొమ్మున్న పెద్ద డబ్బా చంకన పెట్టుకున్నాడు.

సాయంత్రం అనీష్ వచ్చేసరికి గరాజ్‌లో పని పూర్తయింది. మామగారి ఒంటి మీద పాత చొక్కా, నల్లబడ్డ చేతులు, ముఖంలో పెళ్లికొడుకు కళ. అనీష్ ఖాళీ డబ్బా వంక ఒక్క క్షణం చూశాడు.

"ఫిఫ్టీన్ ఫార్టీ పోశానండీ అల్లుడుగారూ. సరిపోద్దిగా?"

"మీకు తెలియనిదా మామయ్యా" అని నవ్వి లోపలికి వెళ్లిపోయాడు.

మర్నాడు అనీష్ కారు తీయలేదు. స్పందన స్టేషన్ దగ్గర దింపితే రైల్లో ఆఫీసుకు వెళ్లాడు. శుక్రవారమూ అంతే. అడిగితే, "డౌన్‌టౌన్‌లో పార్కింగ్ ప్రాబ్లమ్ మామయ్యా" అన్నాడు. కొత్త ఆయిల్ పోసిన బండిని ఇంట్లో పెట్టి రైలెక్కడమేమిటో పెద్దాయనకు అంతుపట్టలేదు.

శుక్రవారం మధ్యాహ్నం, తీసిన పాత ఆయిల్‌ను, అలాంటిది తీసుకునే షాపులో ఇచ్చేందుకు ఆ కారు డిక్కీలో పెడదామని తలుపెత్తాడు. లోపల ఒక అట్టపెట్టె. అందులో లీటరు ఆయిల్ సీసాలు అయిదు, ఒక ఫిల్టరు, చిన్న కవర్లో ఆయిల్ దించే బోల్టుకు వేసే కొత్త వాషరు. సీసాల మీద 505.01 అని ఉంది. పక్కనే ఒక కాగితం: శనివారం ఉదయం ఎనిమిదింటికి, ఊళ్లోని ఒక వర్క్‌షాపులో ఆయిల్ మార్పిడికి అపాయింట్‌మెంటు.

పరంధామయ్య ముందు సీటు అరలోంచి మాన్యువల్ తీశాడు. ఆయిల్ పేజీలో అదే నంబరు. కింద పెన్సిలు గీత. ఏనాడో అనీష్ గీసుకున్నది.

తప్పు పోశాడు. తప్పని అల్లుడికి ఆ సాయంత్రమే తెలుసు.

తప్పుకు సిగ్గేసింది గానీ, చెప్పనందుకు కడుపు మండిపోయింది. ఆటోనగర్‌లో ఎవడైనా తప్పు ఆయిల్ పోస్తే ఓనరు ఏడు తరాలనూ తవ్వి తిట్టేవాడు. తిట్లు తిన్నవాడు మళ్లీ అదే పానా పట్టుకునేవాడు. తిట్టేది పనివాణ్ణే కదా, చుట్టాన్ని ఎవరు తిడతారు? అంటే ఏడాదైనా తానీ ఇంట్లో చుట్టమే!

డిక్కీ మూసేసి లోపలికి వెళ్తే చాలు. రేపటికి బండి బాగుపడుతుంది, పరువూ దక్కుతుంది, ఎవరూ ఎప్పటికీ నోరెత్తరు. డిక్కీ తలుపు దించబోయి, మళ్లీ పైకెత్తాడు. తర్వాత సీసాలు ఒక్కొక్కటే తీసి గరాజ్ నేల మీద వరుసగా పేర్చాడు. పాత చొక్కా తొడుక్కుని, బండిని ర్యాంపుల మీదికెక్కించి, అల్లుడి కోసం కూర్చున్నాడు.

అనీష్ వచ్చి ఆ వరుస చూడగానే ముఖం పాలిపోయింది. "మామయ్యా, అదీ… నేను…"

"నాకు తెలియనిదేనండీ అల్లుడుగారూ" అన్నాడు పరంధామయ్య. "తప్పు పోశాను. ఎందుకు తప్పో చెప్పండి."

అనీష్ బ్యాగు కింద పెట్టాడు. "ఈ ఇంజన్‌లో ఇంజెక్టర్లని కామ్‌షాఫ్టే నొక్కుతుంది మామయ్యా. ప్రెషర్ చాలా హెవీ. దానికి తట్టుకునేలా టెస్ట్ చేసిన ఆయిల్‌కే ఈ నంబర్ ఇస్తారు. వేరేది పోస్తే మెల్లగా కామ్ అరిగిపోయి ఇంజన్ దెబ్బతింటుంది."

"ఓరి దీని దుంపతెగ! లారీకి లేని తంటా ఇంత బండికా?" పెద్దాయన కళ్లు మెరిశాయి. వెంటనే గొంతు మారింది. "ఇంత తెలిసీ నోరెందుకు విప్పలేదండీ?"

"మీరు అంత హ్యాపీగా ఉంటే నోరు రాలేదు మామయ్యా. మీకు తెలియకుండా మార్పించేద్దామనుకున్నా."

ఆ మాటకు కోపం సగం దిగిపోయింది. ఎంత పిచ్చివాడు, ఎంత మంచివాడు!

"రేపటి అపాయింట్‌మెంటు రద్దు చేయించండి. నేను పోసింది నేనే దించుతా."

ఇద్దరూ నేల మీద అట్టలు పరుచుకుని బండి కిందికి దూరారు. రెండు రోజుల ఆయిల్ తేనె రంగులోనే చలికి బద్ధకంగా పళ్లెంలోకి దిగింది. చివరి చుక్క పడ్డాక పరంధామయ్య బోల్టు తుడిచి బిగించబోయాడు.

"కాదు మామయ్యా."

చేయి ఆగిపోయింది.

"పాత వాషర్‌తోనే బిగిస్తున్నారు. మొన్న కూడా మార్చినట్టు లేరు. లీక్ అవుతుంది."

ఏడాదిగా ఆ ఇంట్లో ఆయనతో 'వద్దు' అన్నవాళ్లే గానీ 'కాదు' అన్నవాళ్లు లేరు. పరంధామయ్యకు కళ్లు చెమర్చాయి. తుడుచుకుందామంటే చేతుల నిండా ఆయిలు.

"అలా చెప్పాలి అల్లుడుగారూ" అని చేయి చాచాడు. "ఏదీ, ఆ కొత్తది ఇలా ఇవ్వండి."