థర్మామీటర్ లేదని

పాపకి ఒళ్ళు కాలిపోతోంది. ఏడుపు కూడా మానేసి నా భుజం మీద వాలిపోయింది. పిల్లది ఏడిస్తే ఒక భయం, ఏడవకపోతే పది భయాలు.

పక్కగదిలో మా ఆయన ఆఫీసు మీటింగులో గొంతు చించుకుంటున్నారు. కంప్యూటర్లకి కావలసిన ప్యాకేజీలన్నీ, అంటే సాఫ్ట్‌వేర్ ముక్కలన్నీ, వెతికి తెచ్చిపెట్టే ప్రోగ్రాం రాయడం ఆయన ఉద్యోగం. అడిగినవాటిలో ఒకటి దొరక్కపోతే ఏం చెయ్యాలన్నది నెల రోజులుగా వాళ్ళ తగువు.

"ఒక్కటి లేదని మొత్తం ఆపేస్తారా అన్నా? ఒక చుట్టం రాలేదని మిగతావాళ్ళని పస్తు పడుకోబెడతామా? ఉన్నవి తెచ్చెయ్యాలి, లేనిది లేదని చెప్పాలి!"

తొమ్మిదో తరగతితో బడి మానేసిన నాకు కూడా అది సబబే అనిపించింది. మీటింగు అవ్వగానే డాక్టరమ్మ రాసిచ్చిన చీటీ చేతిలో పెట్టాను. థర్మామీటర్, జ్వరం సిరప్, మందు కొలిచే సిరంజి.

అరగంటకి చేతులూపుకుంటూ వచ్చారు.

"మందేదండీ?"

"థర్మామీటర్ లేదట."

"మందు?"

"మందుంది."

"ఉంటే తేలేదేం?"

"జ్వరమెంతో చూడకుండా మందెలా వేస్తాం? ఒకదానిమీద ఒకటి ఆధారపడ్డవి. అందుకే ఏదీ తేలేదు."

"చెయ్యి పెట్టి చూడండి, పెనంలా లేదూ?"

"చేతికి డిగ్రీలు తెలుస్తాయా?"

చెప్పులేసుకుని, పాపని ఎత్తుకుని నేనే వెళ్ళాను. మందుల కొట్టాయన చీటీ చూస్తూనే, కుర్చీలోంచి లేవకముందే చెప్పాడు.

"థర్మామీటర్ అయిపోయిందమ్మా. ఆ మూల కొట్లో ఉంది. మిగతావి ఇచ్చెయ్యనా?"

"ఇచ్చెయ్యండి, ఇచ్చెయ్యండి."

"ఇందాక ఒకాయన్నీ ఇలాగే అడిగాను. చాలాసేపు ఆలోచించి, సగం సగం వద్దని వెళ్ళిపోయారు. ఎవరోగానీ, పాపం."

"ఎవరోలెండి" అన్నాను.

మందు పడ్డ గంటకి పాపకి చెమట పట్టింది. కళ్ళు తెరిచి నా చెవిపోగు పట్టుకుని లాగింది. ఆ నొప్పికి నాకు ప్రాణం లేచొచ్చింది. కొట్టాయన మాటలన్నీ అప్పుడే మా ఆయనకి పూసగుచ్చినట్టు చెప్పాను.

మర్నాడు మీటింగులో ఆయన గొంతు ఖంగుమంది. "మొదలుపెట్టకముందే ఏది లేదో చెప్పాలి. ఎక్కడ దొరుకుతుందో చెప్పాలి. మిగతావి ఇవ్వనా అని అడగాలి!"

అవతల చప్పట్లు.

వెలిగిపోతూ బయటికొచ్చారు. "విన్నావా? నా ఆలోచన అందరూ ఒప్పుకున్నారు!"

పాప నుదుటి మీద చెయ్యి వేసి చూశాను. మళ్ళీ కొద్దిగా వెచ్చబడుతోందేమో, నా భయమేమో.

"మూల కొట్లో థర్మామీటర్ తెచ్చారా?"

ఆయన రెండు జేబులూ తడుముకున్నారు.