ఇంకొకటుంది తండ్రీ

పరంజ్యోతి ప్రార్థన ఇంకా అవలేదు. పళ్ళేలలో చిక్కుడుకాయ కూర చల్లారిపోతోంది, జొన్నరొట్టెల అంచులు బిరుసెక్కుతున్నాయి, ఆయన మాత్రం కళ్ళు మూసుకుని, చేతులు రెండూ బల్ల కిందికి పెట్టుకుని, బస్సు డ్రైవరుగా చేసిన రోజుల్లో ప్రతి స్టేజీలోనూ బండి ఆపినట్టు, ఒక్కొక్క పేరు దగ్గరా ఆగి స్తోత్రం చెల్లిస్తూనే ఉన్నాడు. బల్ల ఈ చివర తమ వంటగదిలోనే ఉంది, ఆ చివర చూస్తే చర్చి వరండా దాటి ఆసుపత్రి వార్డులోకి పోయింది, అయినా కరుణావతికి అదేమీ వింతగా అనిపించడం లేదు, అంత పొడవునా తిరిగి వడ్డించాలి కదా అన్న విసుగు తప్ప. ఆయన చనిపోయాడని ఆమెకు తెలుసు. చనిపోయినవాడికైనా భార్య కాళ్ళ మీద కాస్త జాలి ఉండాలి కదా అనుకుంటూ గరిటె పట్టుకుని నిలబడి ఉంది.

"దయగల తండ్రీ, ఈ జొన్నలు పండించిన సుబ్బులు కోసం నీకు స్తోత్రం. వాటిని పిండి పట్టిన మస్తాను కోసం స్తోత్రం. చిక్కుడుపాదుకి నీళ్ళు పోసిన పక్కింటి ఆదెమ్మ కోసం స్తోత్రం. దానికి పందిరేసిన ఆదెమ్మ మొగుడి కోసం కూడా స్తోత్రం, తాగుబోతోడే గానీ పందిరి మటుకు గట్టిగా ఏశాడు తండ్రీ."

ఒకప్పుడు ఆయన ముక్క లేనిదే ముద్ద దిగని మనిషి. రూటులో ఏ హోటలు ముందు బండి ఆగితే అక్కడ పరోటా, వేపుడు. షుగరొచ్చి, డాక్టరు కేకలేసి, కాలి పుండు మానక భయం పట్టుకున్నాక కరుణావతి వంటింటిని తలకిందులు చేసింది. కొర్రలు, ఉలవలు, గోంగూర, తోటకూర, మునగాకు. ఆయన మొహం మాడ్చుకోకుండా తిన్నాడు, పుండు మానింది, చివరికి రుచి కూడా మరిగాడు. సాయంత్రమైతే గడప దగ్గర కూర్చుని మునగాకు దూసి గిన్నెలో పోసేవాడు, మిగిలిన కాడలు కట్టగట్టి ఆదెమ్మ మేకకు పంపేవాడు. బల్ల ముందు కూర్చున్నాడంటే వానకీ, ఎండకీ, బీరకాయలమ్మే మనిషికీ, ఉప్పు పండించిన వాళ్ళకీ వందనాలు. అన్నేళ్ళూ కరుణావతి తలవంచుకుని తన పేరు కోసం వింటూనే ఉండేది. ఆ పేరు ఒక్కనాడూ రాలేదు. అడిగి చెప్పించుకుంటే అదేం కృతజ్ఞత అని ఊరుకుంది గానీ, ఊరుకోవడం వేరు, మరిచిపోవడం వేరు.

ఇప్పుడు ఆయన పక్కన బెంచీ మీద కొడుకు నెహెమ్యా కూర్చుని ఉన్నాడు. నిక్కరు వేసుకుని, నేలకందని కాళ్ళు ఊపుకుంటున్న చిన్నపిల్లాడే, కానీ చొక్కా జేబులోంచి షుగరు మాత్రల అట్ట కనిపిస్తోంది. తండ్రి జబ్బు వాడికీ వచ్చింది. మాత్ర వేసుకున్నాడు, వేసుకున్నాక తిండి ఆలస్యమైతే కళ్ళు తిరిగి పడిపోతాడు. అయినా ఆమెన్ అనకముందు ఆ ఇంట్లో ఎవరూ పళ్ళెం ముట్టకూడదు.

నిన్నటి సంగతి ఆమెకు కలలోనూ గుచ్చుకుంటోంది. మునగ కొమ్మలు వంటగది గట్టు మీద పెట్టుకుని, ఎదిగిన కొడుకు ముందు రొట్టె పళ్ళెం పెడితే వాడు పక్కకు తోసేశాడు. "నాన్న ఇన్నేళ్ళు ఆకులూ అలములూ తిన్నాడు గదమ్మా, ఏమైంది? బతికాడా? నాకొద్దీ గడ్డి" అని బండి తీసుకుని పోయాడు. ఈ మధ్య బజారులో ఏదో తినడం, లేకపోతే మాత్ర వేసుకుని ఖాళీ కడుపుతో పడుకోవడం, ఇదీ వాడి వరస. ఆకు దూయబుద్ధి కాలేదు ఆమెకు. కొమ్మలు అక్కడే వదిలేసి, ఏమీ తినకుండా ముసుగు పెట్టి పడుకుంది. వీడు కూడా ఆయన దారినే పోతాడన్న భయం ఆమె గుండెలో రాయిలా ఉంది.

"ఏమయ్యా, తొందరగా కానీయ్" అంటుంది కరుణావతి.

"ఇంకొకటుంది తండ్రీ" అంటాడు పరంజ్యోతి, ఆగుతాడు.

ఆసుపత్రిలో చివరి రోజు, జావ గిన్నె ముందు పెట్టుకుని ఆయన అన్న మాట ఇదే. ఇంకొకటుంది తండ్రీ అని ఆగాడు, ఆ ఆగడం ఆగడమే. ఆ తర్వాత ఇంట్లో భోజన ప్రార్థన లేదు. ఆయన మొదలుపెట్టింది ముగియకుండా ఇంకొకటి ఎట్లా మొదలుపెట్టడం అన్నది ఆమె పైకి చెప్పుకున్న కారణం. లోపల అలక కూడా ఉంది.

"బిడ్డ మాత్రేసుకున్నాడయ్యా. చెమటలు పడుతున్నాయి, చూడు."

ఆయన ఒక కన్ను తెరుస్తాడు. "ఒకటి మర్చిపోయానే. నాలిక చివర్నే ఉంది. అది చెప్పకుండా ఎట్టా ముగించేది? ఉప్పా?"

"ఉప్పు చెప్పావు."

"మరి పొయ్యా?"

"పొయ్యి కూడా చెప్పావు."

"ఇంకేందే? నీకు తెలిస్తే నువ్వే చెప్పరాదూ?"

ఆమెకు తెలుసు. పొయ్యి దాకా వచ్చాడు, పొయ్యి ముందున్న మనిషి దాకా రాలేకపోతున్నాడు. గొంతు దాకా వచ్చిన తన పేరు అక్కడే అడ్డం పడుతుంది. ఇంతలో బెంచీ జరగడం మొదలవుతుంది, ఎవరూ తొయ్యకుండానే చర్చి వరండా మీదుగా వార్డు వైపు పోతోంది, పిల్లాడు అలాగే కాళ్ళు ఊపుకుంటూ దాంతోపాటే పోతున్నాడు, ఆమె గరిటె పారేసి పరుగెత్తుతుంటే బల్ల ఇంకా ఇంకా సాగుతోంది, పళ్ళేల మీద పళ్ళేలు, కూరలన్నీ చల్లారినవే, వెనకనుంచి ఆయన గొంతు "ఇంకొకటుంది, ఇంకొకటుంది" అని వెతుక్కుంటూనే ఉంది. పిల్లాడి తల వాలిపోతుంది. దగ్గరికి వెళ్ళి చూస్తే వాడికి మీసాలొచ్చి ఉన్నాయి, పెదవులు ఆరిపోయి ఉన్నాయి, అది చివరి రోజున తండ్రికున్న మొహమే.

పేరూ వద్దు, పాడూ వద్దు.

"ఆమెన్!" అని అరుస్తుంది కరుణావతి. "యేసు నామమున ఆమెన్! తినరా అయ్యా, తిను!"

బెంచీ ఆగుతుంది. పిల్లాడు రొట్టె తుంచి నోట్లో పెట్టుకుంటాడు, మళ్ళీ చిన్నవాడై బుగ్గ నిండా నములుతాడు. ఆమె కింద కూలబడి ఏడుస్తుంది.

"హమ్మయ్య" అంటాడు పరంజ్యోతి. ఎప్పుడొచ్చాడో పక్కనే ఉన్నాడు, ఇప్పటికీ చేతులు బల్ల కిందే. "ఎవురో ఒకరు అనాలి గదా."

"ఆ ఒక్కటీ నేనేనయ్యా" అంటుంది ఆమె, ఇక దాచుకోలేక. "తాగుబోతోడికి కూడా స్తోత్రం చెప్పావు. పొద్దున్నే లేచి రొట్టె కొట్టి, ఆకు కడిగి, నీ కోసం నేనూ అదే తిని బతికితే, నా పేరు గుర్తుకు రాలేదా నీకు?"

దిగాల్సిన మనిషిని మరిచిపోయి స్టేజీ దాటించిన డ్రైవరులా ఆయన తెల్లబోతాడు.

"వాళ్ళంతా బయటోళ్ళే, కరుణా" అంటాడు. "నువ్వూ నేనూ ఒకటే అనుకున్నా. నాకు నేనే వందనాలు చెప్పుకుంటానా?"

"మాట బాగానే ఉంది. కడుపు మాత్రం నిండలేదు" అంటుంది ఆమె. కోపం అలాగే ఉంది. ఆయన ఎదుట కూర్చుని కోపం తెచ్చుకోగలగడం ఎంత హాయిగా ఉందో కూడా ఆమెకు తెలుస్తోంది.

అప్పుడాయన చేతులు పైకి తీస్తాడు. రెండు చేతులతో పట్టుకున్న గిన్నె నిండా మునగాకు. ప్రార్థన మొదలుపెట్టినప్పటినుంచీ దూస్తూనే ఉన్నాడన్నమాట, ఒక్క కాడ కూడా లేదు.

"ఇంద, పప్పులోకి" అంటాడు.

ఆమె చేతులు చాపుతుంది. చాపిన చేతులు దుప్పటికి తగిలి మెలకువ వస్తుంది.

తెల్లవారుతోంది. పక్కింట్లో ఆదెమ్మ మేక అరుస్తోంది. కరుణావతి లేచి కళ్ళు తుడుచుకుని, నిన్న వదిలేసిన కొమ్మలు వాడిపోయి ఉంటాయనుకుంటూ వంటగదిలోకి వెళుతుంది. గట్టు మీద కొమ్మలు లేవు. గిన్నె నిండా దూసిన ఆకు ఉంది, ఆరిపోకుండా మీద తడిగుడ్డ కప్పి ఉంది. పక్కన కాడలన్నీ కట్టగట్టి ఉన్నాయి.

బల్ల మీద తల వాల్చి నెహెమ్యా నిద్రపోతున్నాడు. మోచేతి దగ్గర పళ్ళెంలో నిన్నటి రొట్టె ముక్క ఒకటి మిగిలింది. వాడి బొటనవేలి గోరు పచ్చగా ఉంది.

ఆమె వాణ్ణి లేపదు. ఎదురుగా కూర్చుని, ఎన్నాళ్ళకో తల వంచుతుంది.

"దయగల తండ్రీ" అంటుంది మెల్లగా, "ఈ ఆకు దూసిన నెహెమ్యా కోసం నీకు స్తోత్రం." అక్కడే ఆగుతుంది.

బల్ల మీదనుంచి తల ఎత్తకుండానే, నిద్రమత్తులో, వాడు "ఆమెన్" అంటాడు.