గడపతో వచ్చిన కుక్క

మీరేం చూశారో చెప్పండి. లారీ ఆగిపోయిన ఆ పొద్దున సందులో కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి. ప్రతి కిటికీలోనూ ఒక మొహం ఉంది. హారన్ విన్నారు, కేకలు విన్నారు, పనికి ఆలస్యమవుతోందని మీరూ ఓ నాలుగు తిట్టారు. కుక్క దారికి అడ్డంగా పడుకుందంటారు. అది చంటిపిల్లాడైనా చెబుతాడు. ఇంకేం చూశారు?

తెలీదు కదూ. అయితే మొదటినుంచీ వినండి.

సందు చివరి ఇంట్లో ఒక కుట్టుపనావిడ, ఆమె మొగుడు మేస్త్రీ ఉండేవారు. మేస్త్రీ అంటే ఇళ్ళు కట్టేవాడు కాదు, ఇళ్ళు మార్చేవాడు. ఒకరి సామానంతా విప్పి, కట్టి, లారీకెక్కించి, ఇంకోచోట దించడం అతని పని. మంచం విప్పితే ఏ కాలి బోల్టులు ఆ కాలికే గుడ్డలో చుట్టి కట్టేవాడు. అద్దాన్ని రెండు పరుపుల మధ్య నిలబెట్టేవాడు తప్ప పడుకోబెట్టనిచ్చేవాడు కాదు. అతనికో నియమం ఉండేది. ప్రాణమున్నవాటిని ముట్టుకోడు. పూలకుండీలు, చిలకలు, కుక్కలు, నడవలేని ముసలివాళ్ళు, అవన్నీ ఇంటివాళ్ళ పూచీ. సామానెక్కాక లారీ వెనకాల నిలబడి "అంతా ఎక్కిందా?" అని కేకేస్తాడు. పనివాళ్ళు "ఎక్కింది" అంటారు. షట్టర్ కిందికి లాగుతాడు. ఆ తర్వాత ఆ ఇంటివైపు తిరిగి చూడడు.

వాళ్ళింట్లో పొద్దున్నే మొదట వినబడేది కుట్టుమిషను చప్పుడు. మిషను కింద కత్తిరింపు పీలికల గుట్ట, ఆ గుట్ట మీద పెద్దాయన. పెద్దాయనంటే కుక్క. ఎవరో రోడ్డు పక్కన వదిలేస్తే ఆవిడే ఎత్తుకొచ్చి పెంచింది. ఇప్పుడు చెవులు వినబడవు, కళ్ళు సగమే కనబడతాయి. మిషను ఆడుతున్నంతసేపూ నేల అదురుతుంది కాబట్టి ఆవిడ ఇంట్లోనే ఉందని దానికి నమ్మకం.

ఇంతలో ఇల్లుగలాయన ఇల్లు అమ్మేశాడు. ఖాళీ చెయ్యమన్నాడు. వెతగ్గా వెతగ్గా ఊరికి అవతల ఒక వాటా దొరికింది. కొత్త ఇంటావిడ నర్సుగా చేసి మానేసిన మనిషి. కుక్క సంగతి చెబితే, "ముసలిది ఒక్కటేగా, సరే. ఒకటంటే ఒకటే" అంది.

ఊరందరి ఇళ్ళూ సర్దే మేస్త్రీ సొంత ఇల్లు సర్దుకోలేకపోయాడు. ఏ పెట్టె తెరిచినా పీలికలే. "ఈ మూటలు ఎక్కడైనా వదిలించుకురా తల్లీ, నీకు దణ్ణం పెడతాను" అన్నాడు పెళ్ళాంతో. వదిలేసిన కుక్కల్ని చేరదీసే షెడ్డు ఒకటుంది. కుక్కలకి పక్కలవుతాయని ఆవిడ మూటలు అక్కడికి మోసుకుపోయింది. తిరిగొచ్చేటప్పుడు చేతిలో తాడుంది, తాడు చివర బక్కచిక్కిన గోధుమరంగు ఆడకుక్క ఉంది.

"ఏంటది?"

"కుక్క."

"కుక్కని నాకు చూపించి కుక్క అని చెబుతావేంటి? బరువు దించుకురమ్మంటే పెంచుకొచ్చావా?"

"మూట మీద పడుకుని లేవనంది. మూటతోపాటు వదిలేసి రాలేకపోయాను."

"ఇల్లు మారే ముందా? గోరుచుట్టు మీద రోకటిపోటని, ఇప్పుడేనా?"

"మారాక తెస్తే ఇంటావిడ ఒప్పుకుంటుందా?"

"ఇప్పుడు మాత్రం ఒప్పుకుందా?"

ఆవిడ గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుని జాకెట్టు ముందేసుకుంది. నోట్లో సూదులున్నంతసేపూ ఆవిడని ఎవరూ ఏమీ అడగలేరు.

షెడ్డువాళ్ళు ముందే చెప్పారు. "దీంతో గడప కూడా వస్తుందమ్మా, చూసుకుని నడవండి" అని. అన్నట్టే వచ్చింది. అది ఎక్కడ పడుకుంటే అక్కడ దాని పొట్ట కింద ఒక చెక్క గడప ఉండేది. నల్లటి పాత కలప, తొక్కీ తొక్కీ మధ్యలో అరిగిపోయింది, ఒక చివర చెక్క లేచిపోయింది. కుక్క లేస్తే గడపా లేచిపోయేది. వంటింట్లో పడుకుంటే వంటింటి మధ్యలో గడప, మంచం పక్కన పడుకుంటే అక్కడ గడప. జాకెట్లకొచ్చిన ఆడవాళ్ళు చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని దాటేవారు. పార్శిల్ తెచ్చినాయన కాలికి తగిలించుకుని "కాస్త వారగా వేసుకోవచ్చుగా" అని విసుక్కుని పోయాడు. అందరూ ఆ కుక్కని కూడా గడప అనే పిలిచారు.

అందరికంటే ఎక్కువ దెబ్బలు మేస్త్రీకే తగిలాయి. పెట్టె ఎత్తుకుని వస్తే కాళ్ళు కనబడవు కదా. "వెయ్యి ఇళ్ళ గడపలు దాటినవాణ్ణి, నా ఇంట్లో పడి చచ్చేలా ఉన్నాను" అని అరిచేవాడు. పెట్టె మీద పెట్టె పెడితే కింది పెట్టె చిరిగేది. టేపు అయిపోయేది. కత్తెర ఏ పెట్టెలో పోయిందో తెలిసేది కాదు. ప్రతిదానికీ అతను కుక్కనే తిట్టేవాడు.

ఒకరోజు మధ్యాహ్నం కాలి బొటనవేలు పట్టుకుని గడప పక్కనే కూలబడ్డాడు. చెక్క లేచిపోయిన చోట వేలు పెట్టి చూశాడు. చాలాసేపు వేలు తియ్యలేదు.

"ఇది బీరువా కాలు తగిలి లేచిన చెక్క" అన్నాడు.

మిషను ఆగింది. "నీకెలా తెలుసు?"

"మేం బయటికి తీసిన బీరువాయే. ఎవరిల్లో గుర్తులేదు. లారీ కదిలినా తలుపు దగ్గర కుక్క ఒకటి అరుస్తూనే ఉంది."

"మరి?"

"మరేంటి? కుక్క మా పని కాదు."

ఆవిడ మళ్ళీ మిషను తొక్కింది. కొంచెం గట్టిగానే తొక్కింది. చివరికి అతనే అన్నాడు, "కొత్తింటికి పోయే దార్లోనే షెడ్డు. అక్కడ దించేసి పోదాం. ఒకటంటే ఒకటే అంది ఆవిడ. రెండింటితో పోతే మనల్నీ బయటే నిలబెడుతుంది. మిషను నడిరోడ్డు మీద పెట్టుకుని కుడతావా?"

ఆవిడ సూదులు నోట్లో పెట్టుకుంది.

ఇల్లు మారే పొద్దున కుట్టుపనావిడ తమ్ముడు లారీ తెచ్చాడు. మంచాలు, బీరువా, పెట్టెలు అన్నీ ఎక్కాయి. మిషను బల్ల వెనక్కెక్కింది. మిషను తల మాత్రం ఆవిడ ఎవరికీ ఇవ్వలేదు, ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. షెడ్డు దగ్గర దించాల్సిందని గడపని ఆవిడ కాళ్ళ దగ్గర కట్టేశారు. పెద్దాయన వెనకాల పరుపుల మధ్య హాయిగా ఉన్నాడని ఆవిడ అనుకుంది. పెళ్ళాం దగ్గరే ఉన్నాడని మేస్త్రీ అనుకున్నాడు. అలవాటు ప్రకారం ఇంటికి తాళం వేసి, లారీ వెనకాల నిలబడి కేకేశాడు.

"అంతా ఎక్కిందా?"

"ఎక్కింది బావా. నువ్వెక్కితే చాలు."

షట్టర్ కిందికి లాగాడు. ముందు సీటు దాకా పోకుండా వెనక మెట్టు మీదే నిలబడ్డాడు.

లారీ కదిలిందో లేదో, గడప తాడు తెంపుకుని కిటికీలోంచి దూకింది. పరిగెత్తి సందు మొదట్లో అడ్డంగా పడుకుంది. దాని కింద రెండు మూరల పొడవుండే చెక్క గడప ఆ రోజు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పరుచుకుంది, లారీ బంపరు ఎత్తుకి లేచింది. బావమరిది బ్రేకు తొక్కాడు.

ఇక్కడినుంచి మీకూ తెలుసు. వెనకాల స్కూటర్లు ఆగాయి, కార్లు ఆగాయి. "గడప తియ్యండయ్యా" అని మీరే అరిచారు. "కుక్కని పెంచుకోవడం రానివాళ్ళకి కుక్కలెందుకు" అని మేడమీద నుంచి ఒకరన్నారు. మేస్త్రీ దిగి కాళ్ళు పట్టి లాగాడు, మెడ పట్టి లాగాడు. బీరువాని ఒంటిచేత్తో తిప్పేవాడు, బక్కకుక్కని కదల్చలేకపోయాడు. చెమటలు కారాయి. "నీకేం అన్యాయం చేశానే?" అని దాని మొహమ్మీదికి వంగి అరిచాడు.

అప్పుడు చూశాడు. కుక్క అతన్ని చూడటంలేదు, లారీనీ చూడటంలేదు. సందు చివరికి, తాళం వేసిన ఇంటివైపు చూస్తోంది.

అతను లారీవైపు తిరిగాడు. "పెద్దాయన నీ దగ్గరే ఉన్నాడుగా?"

"వెనక ఎక్కించలేదా?" అంది ఆవిడ.

మేస్త్రీ ఆ వయసులో అలా పరిగెత్తడం ఎవరూ చూసి ఉండరు. తాళంచెవి రెండుసార్లు చేజారింది. లోపల గోడలకి మేకులు తప్ప ఏమీ లేవు. మిషను ఉండే చోట మిగిలిన పీలికల మీద పెద్దాయన కూర్చుని ఉన్నాడు. నిద్రపోవడంలేదు. ముందరి పాదం నేలకి ఆనించి, అదురు కోసం ఎదురుచూస్తున్నాడు. మేస్త్రీ తలుపు తీసిన చప్పుడు వినబడలేదు, అతను దగ్గరికొచ్చింది కనబడలేదు. మేస్త్రీ పక్కనే మోకాళ్ళ మీద కూలబడి, పిడికిలితో నేలని మెల్లగా తట్టాడు. తట్టాడు, తట్టాడు. పెద్దాయన తోక ఊపాడు.

జీవితంలో మొదటిసారి మేస్త్రీ ప్రాణమున్నదాన్ని మోశాడు. చేతుల్లో పెద్దాయన్ని పెట్టుకుని సందంతా నడిచొచ్చి గడప దగ్గర నిలబడ్డాడు. చెక్క గడప మళ్ళీ కిందికి దిగింది. అతను దాటాడు. కుక్క లేచి వెనకాలే వచ్చి, పిలవకుండానే లారీ ఎక్కింది. మీరు "అమ్మయ్య" అని బళ్ళు స్టార్ట్ చేసుకుని పోయారు.

షెడ్డు మలుపులో బావమరిది బండి నెమ్మది చేశాడు. "బావా, తిప్పమంటావా?"

"నీకు రోడ్డు కనబడుతోందా లేదా? తిన్నగా పోనీ."

కొత్త ఇంటావిడ గుమ్మంలోనే నిలబడి ఉంది. ఆ ఇంటికి గడపన్నది లేదు. వరండా నుంచి లోపలిదాకా ఒకటే నున్నటి గచ్చు. వానొస్తే నీళ్ళు తిన్నగా గదిలోకే. ఆవిడ రెండు కుక్కల్నీ చూసింది.

"ఒకటన్నాను."

"అన్నారమ్మా" అన్నాడు మేస్త్రీ. చేతుల్లో ఇంకా పెద్దాయనే ఉన్నాడు. "రెండు తెచ్చాం. పొమ్మంటే రెండింటితోనే పోతాం. సామాను ఇంకా దించలేదు."

కుట్టుపనావిడ మొగుణ్ణి చూసింది. నోట్లో సూదులు లేవు. మిషను తలని చంకనెత్తుకుని వచ్చి అతని పక్కన నిలబడింది.

ఈ మాటల మధ్యలో గడప వెళ్ళి గుమ్మానికి అడ్డంగా పడుకుంది. నల్లటి పాత కలప ఈ చివర నుంచి ఆ చివరకి కొలిచినట్టు సరిపోయింది. కాసేపు పడుకుని లేచి, ఒళ్ళు విదిలించుకుని, లోపలికి పోయింది.

చెక్క గడప మాత్రం ఈసారి దానితోపాటు లేవలేదు. అక్కడే ఉండిపోయింది.

ఇంటావిడ దాన్ని కాలితో తోసి చూసింది. కదల్లేదు. వంగి చివర్లు తట్టి చూసింది. "వాన నీళ్ళు ఇక లోపలికి రావు" అని తనలో తాను అనుకుంది. తర్వాత పైకి అంది, "జుట్టు రాలితే ఊడ్చేది మీరే."

ఇప్పుడు ఆ కుక్క ఎక్కడ పడుకున్నా దాని కింద ఉత్త నేలే. మేస్త్రీ ఇప్పుడూ "అంతా ఎక్కిందా?" అని కేకేస్తాడు. వాళ్ళు ఎక్కిందన్నాక మళ్ళీ లోపలికి పోయి, గది గదికీ నేల తట్టి వస్తాడు. లారీ కుర్రాళ్ళు సణుక్కుంటారు, సణుక్కోనీ.

మీరు మాత్రం సందులో నిలబడి అంతా చూశామంటారు. సరే, ఒక్కటి చెప్పండి. ఆ గడప ముందు ఎవరో ఒకరి ఇంటిదే కదా. ఒక చివర చెక్క లేచిపోయింది, బీరువా కాలు తగిలి. మీ పాత ఇంటిది కాదు కదా?