చెరిసగం చేసిన అట్ట

నా భార్యను చంపింది ఆమె అక్క. ఇందులో వాదించడానికేమీ లేదు.

అక్కచెల్లెళ్లకు చిన్నప్పటి నుంచీ ఏదైనా చెరిసగం. పెళ్లిళ్లయినా ఆ అలవాటు పోలేదు. రెండు వీధుల అవతల ఉండే వదిన మా ఇంటికొస్తే సబ్బుబిళ్ల కూడా రెండు ముక్కలయ్యేది. కోసేది నేనే. నేను దర్జీని. "కత్తెర మరిదిగారూ, మా చెల్లివైపు ఎక్కువ పోనివ్వకండి" అని వదిన నవ్వేది.

నా భార్యకు దగ్గు, చలిజ్వరం పట్టుకున్నాయి. ఊపిరి పీలిస్తే పక్కలో పోటు. డాక్టరమ్మ ఎక్స్‌రే తీయించి న్యుమోనియా అంది. ఆస్పత్రిలో ఉండక్కర్లేదు, ఇంటి దగ్గరే తగ్గుతుందంది. రోజుకు మూడు చొప్పున ఐదు రోజులకు పదిహేను మాత్రలు రాసింది. మూడో రోజు వచ్చి చూపించుకోమంది.

రెండో రోజు సాయంత్రానికి ఐదు అయిపోయాయి. పది మాత్రల అట్ట ఒకటి మిగిలింది. అప్పుడు వదిన దగ్గుకుంటూ వచ్చింది.

"నీ దగ్గు నాకూ అంటించావే తల్లీ. ఆస్పత్రిలో గంటలు గంటలు నిలబడే ఓపిక నాకు లేదు."

"నాకు తేలిగ్గానే ఉందక్కా. చెరో ఐదు వేసుకుందాం. ఏమండీ, ఒకసారి మీ కత్తెర ఇటు తెండి."

"అవి పంచుకునేవి కావేమో" అన్నాను.

"చోద్యం! మందు దగ్గర కూడా పిసినారితనమేనా మరిదిగారూ?" అంది వదిన.

మిషను మీద కత్తెర ఉంది. తీసుకుని అట్టను మధ్యకు కోశాను.

మూడో రోజు జ్వరం దిగింది. డాక్టరమ్మ వీపు మీద గొట్టం పెట్టి విన్నది.

"మిగతా మాత్రలున్నాయిగా? జ్వరం తగ్గిందని ఆపకమ్మా. అన్నీ అయ్యేదాకా వేసుకోవాలి."

"అలాగేనండి" అంది నా భార్య.

బయటికొచ్చాక, "నిజం చెప్పి ఇంకో ఐదు రాయించుకుందాం" అన్నాను.

"అక్క పేరు చెప్పి తిట్లు తినాలా? నాకు బాగానే ఉంది, ఊరుకోండి."

ఊరుకున్నాను.

నాలుగో రోజుకు మాత్రలు అయిపోయాయి. ఆరో రోజు జ్వరం మళ్లీ వచ్చింది. ఏడో రోజు పెదవులు నీలంగా మారాయి. పెద్దాస్పత్రిలో మూతికి ఆక్సిజన్ పెట్టారు, సూదులు వేశారు. తొమ్మిదో రోజు పోయింది.

నెల దాటాక వదిన వచ్చింది. కొంగులోంచి సగం అట్ట తీసి మిషను మీద పెట్టింది. అందులో మూడు మాత్రలున్నాయి.

"రెండు మింగేసరికి నా దగ్గు పోయింది. ఉత్త జలుబే. వీటిని డబ్బాలో పడేసి మరిచిపోయాను."

"నా భార్యను చంపింది మీరే" అన్నాను.

"నేనే. కాదన్నానా? కానీ మరిదిగారూ, మీరు గట్టిగా ఒక్కసారి వద్దని ఉంటే నేను తీసుకునేదాన్నా?"

నేను అట్టను చూశాను. కోసిన అంచు గీత గీసినట్టుంది. ఎక్కడా వంకర లేదు.

వదినను వెళ్లమన్నాను. మళ్లీ రావద్దన్నాను. అట్టను మిషను సొరుగులో పెట్టి తాళం వేశాను.

చెప్పాల్సింది చెప్పాను. ఎవరు అడిగినా, ఏమడిగినా, ఈ సంగతి ఇక నా నోట రాదు.