నారు కుళ్ళిన ఏడాది

మా తోటల సంఘానికి సర్వసభ్య సమావేశం రోజున ప్రాణం లేచొస్తుంది. ఏడాదంతా కంటికి కనబడని సభ్యులు కూడా ఆ పొద్దున సంచులు పట్టుకుని దిగుతారు. సంఘం మీద ప్రేమ అనుకునేరు, చివర్లో ఊరికే పంచే టమాటా, వంగ నారు మీద. కార్యదర్శిని కాబట్టి నోరు మూసుకుని కుర్చీలు వేస్తాను.

ఆ నారు పోసేది మా అక్క. నర్సు ఉద్యోగం నుంచి రిటైరైన దగ్గర్నుంచీ సంఘం హాలు వెనకున్న రేకుల షెడ్డు ఆవిడ రాజ్యం. ఈసారి మొలకలు వచ్చాక, ఆ షెడ్డులోనే కాలు జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. పిండికట్టు వేయించి మా ఇంటికి తెచ్చుకున్నాం. నారుకు నీళ్ళు పోయడానికి బస్సు డ్రైవరు, లాయరమ్మ మొదలుకొని సభ్యులంతా నేనంటే నేనని ముందుకొచ్చారు. వంతులు వేసి గోడకు అంటించాను.

అంతటితో ఊరుకోలేదు. మా అధ్యక్షుడు పళ్ళ డాక్టరు. ఆయనా నేనూ కలిసి, అక్కను గౌరవ సలహాదారును చేసి షెడ్డు పని ఇంకొకరికి అప్పగించాలని నిర్ణయించాం. మళ్ళీ పడితే? ముందే చెబితే ఒప్పుకోదని, సమావేశంలో చప్పట్ల మధ్య కానిచ్చేద్దామనుకున్నాం.

ఆ రోజు అక్క కట్టుతోనే వచ్చి నేరుగా షెడ్డులోకి నడిచింది. వెనకే మేమంతా. నారు మొదళ్ళ దగ్గర నల్లబడి, మెత్తగా వాలిపోయి ఉంది.

"ఎవరండీ నీళ్ళు పొయ్యడం మానేసింది?" అన్నాడు డాక్టరు.

"నా వంతు నేను పోశాను," అన్నాడు బస్సు డ్రైవరు. "లాయరమ్మగారు కోర్టు పనిలో మర్చిపోతారేమోనని ఆవిడ వంతు కూడా పోశాను. నారు వాడినట్టు కనబడితే ఇంకాస్త పోశాను."

"నేనెప్పుడు మర్చిపోయాను?" అంది లాయరమ్మ. "మీరే డ్యూటీలో పడి రారేమోనని మీ రోజున కూడా నేనొచ్చి పోశాను."

డాక్టరు గొంతు సవరించుకున్నాడు. క్లినిక్కుకు వెళ్తూ ఆయనా రోజూ ఓ చెంబెడు పోసేవాడట. ఇక వంతులు వేసినవాణ్ణి నేనే, వాటిని నమ్మక రోజూ నీళ్ళు పోసినవాణ్ణీ నేనే.

అక్క మట్టిని వేలితో నొక్కింది. నీళ్ళు పైకి ఊరాయి.

"ఎవరూ మర్చిపోలేదు. అదే దీని ప్రాణం తీసింది," అంది. కోపంగా కూడా అనలేదు. సభ్యులు సంచులు మడిచి చంకలో పెట్టుకున్నారు.

సమావేశంలో డాక్టరు లేచాడు. "మేడమ్, ఇకమీదట మీరు శ్రమపడొద్దు. గౌరవ సలహాదారుగా కుర్చీలో కూర్చుని చెప్పండి చాలు. పనంతా మేం చూసుకుంటాం."

చప్పట్లు ఆగేదాకా అక్క ఆగింది.

"ఈ ఆలోచన ఎవరిది?"

డాక్టరు నావైపు చూశాడు. పళ్ళు పీకే ధైర్యం అక్కడ పనికి రాలేదు.

"నాదే అక్కా. మళ్ళీ పడితే..."

"పడితే లేస్తాన్రా. ఇన్నాళ్ళూ మీ ఇంట్లో నన్ను మంచినీళ్ళ గ్లాసు కూడా ఎత్తనివ్వలేదు. చెయ్యి నొప్పి తగ్గింది. పొద్దున్నే ఎందుకు లేచానో తెలియకపోవడం మాత్రం తగ్గలేదు. ఆ షెడ్డు కూడా తీసేసుకుంటే నేనేం చెయ్యను?"

చాలా సిగ్గేసింది. ప్రతిపాదన వెనక్కి తీసుకుంటున్నానని లేచి చెప్పాను. ఎవరూ అడ్డు చెప్పలేదు.

"విత్తనాలు మళ్ళీ వేస్తాను. కట్టు విప్పేదాకా ట్రే పట్టుకోవడానికి మనిషి కావాలి. ఒక్కరు చాలు," అంది అక్క.

హాల్లో చేతులన్నీ లేచాయి. అక్క తల పట్టుకుంది. కాసేపటికి నన్ను చూపించింది.

మర్నాడు షెడ్డులో అక్క ఎడమచేత్తో మట్టి తీసి ట్రేలో పోస్తుంటే సగం కిందపడింది. నేను వంగబోయాను.

"నువ్వు ట్రే పట్టుకో. అంతే."

కిందపడిన మట్టిని ఒంటిచేత్తో, పిడికెడు పిడికెడుగా, తనే ఎత్తుకుంది. చాలాసేపు పట్టింది. నేను కదలకుండా నిలబడ్డాను. అక్క కోసం అంత కష్టమైన పని నేనెప్పుడూ చెయ్యలేదు.